పాన్పు దిగని పెళ్ళికూతురు

మద్రాసు వచ్చాక తిలకానికి నవ్వు దొరకలేదు.

గుడివాడలో దొరికేది. బాపట్లలో దొరికేది. ఆఖరికి ప్రతి మాటకీ తప్పు పట్టే రాజమండ్రి వాళ్ళ దగ్గర కూడా దొరికేది. ఆమె పాన్పు ఎక్కి కూర్చుని ఒక్క మాట అనేది. అనేసి ఆగేది. పందిరి కింద వెయ్యిమంది ఒక్కసారి నవ్వేవారు. ఆ నవ్వు తగ్గాక తరవాతి మాట అందుకునేది. నూట నలభై ప్రదర్శనల్లో ఒక్కసారి కూడా అది తప్పలేదు.

ఆ నాటకాన్ని ఇప్పుడు సినిమాగా తీస్తున్నారు. పెళ్ళిచూపులతో మొదలై పెళ్ళి మూడో రోజుకి ముగిసే హాస్యనాటకం అది. ముప్పయ్యేళ్ళుగా కోస్తా ఊళ్ళన్నీ తిరిగింది. స్టేజీ మీద పెళ్ళికూతురు గౌరి వేషం కడుతున్న తిలకాన్నే సినిమాలోకీ తీసుకున్నారు.

అందులో జనానికి బాగా గుర్తుండేది అలకపాన్పు రంగం. పెళ్ళయ్యాక అల్లుడు పాన్పెక్కి అలుగుతాడు, మామగారు బతిమాలి అడిగింది ఇస్తే దిగుతాడు. అందులో సరసం ఎంతో, దబాయింపు ఎంతో మన పెద్దవాళ్ళు ఎప్పుడూ తేల్చలేదు. నాటకంలో అల్లుడు వాచీ చాలదు, గ్రామఫోను కావాలని కూర్చుంటాడు. వియ్యంకుడు పక్కనే కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కొడుక్కి మాటలు అందిస్తుంటాడు. గౌరి తండ్రి చేతులు కట్టుకుని నుంచుని ఉంటాడు. అప్పుడు గౌరి లోపల్నుంచి వచ్చి, ఎవరూ పిలవకుండానే, అదే పాన్పు రెండో కొసన ఎక్కి కూర్చుంటుంది.

"నేనూ అలిగాను. నా అలక ఎవరు తీరుస్తారు?" అంటుంది.

అక్కడ ఆగాలి. ఆగి, వియ్యంకుడి మొహంలోకి చూస్తూ కూర్చోవాలి. తరవాతి మాట ఆ తరవాత.

"నాకు గ్రామఫోను వద్దు. మా నాన్న మూడు రోజులుగా నుంచునే ఉన్నాడు. ఆయనకి కుర్చీ వెయ్యండి."

అల్లుడు సిగ్గుపడి పాన్పు దిగి, తనే కుర్చీ తెచ్చి వేస్తాడు. తెర పడుతుంది.

స్టూడియోలో కెమెరా తిరుగుతున్నప్పుడు ఎవడూ దగ్గకూడదు. నవ్వడం సంగతి చెప్పనే అక్కర్లేదు. కానీ తిలకం నోటికి, ఒంటికి ఆ ఆగడం అలవాటైపోయింది. మాట అనేసింది, ఆగింది, వెయ్యిమంది నవ్వి ఊరుకునేటంత సేపు ఆగి, తరవాతి మాట అంది. ఫిల్ము కడిగి వచ్చాక చిన్న గదిలో వేసి చూశారు. చూసినవాళ్ళు నలుగురే. అందులో ఇద్దరు సినిమా కొనుక్కుని ఊళ్ళలో ఆడించుకునే డిస్ట్రిబ్యూటర్లు. నలుగురు కూర్చున్న గదిలో హాస్యం చూడటం ఎంత కష్టమో చూసినవాళ్ళకే తెలుసు. నవ్వు ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఒక ఆడపిల్ల ఒక పెద్దమనిషి మొహంలోకి రెప్ప వెయ్యకుండా చూస్తూ కూర్చుని ఉంది, అంతే.

ఆ డిస్ట్రిబ్యూటర్లలో నెల్లూరాయన పెంచలరెడ్డికి ఒళ్ళు మండింది.

"ఏందయ్యా ఇది? పెద్దోళ్ళ మొహంలోకి అట్టా చూస్తదేంది ఆ బిడ్డ? మా పక్క జనం తెర చించుతారు" అన్నాడు.

డైరెక్టరు సీతాపతి మర్నాడు తిలకాన్ని పిలిచి సంగతి చెప్పాడు. ఆ రంగం గురువారం మళ్ళీ తీస్తారు. గౌరి ఆ మాట అనగానే కళ్ళు దించుకోవాలి. కుర్చీ మాట కూడా మెల్లిగా, తల వంచుకునే అనాలి. అనేసి పాన్పు దిగి, తప్పయిందని మొగుడి కాళ్ళ మీద పడాలి. అతను లేవదీస్తాడు. శుభం.

"కుర్చీ వెయ్యరా?" అని అడిగింది తిలకం.

"వేసే అవసరం ఉండదమ్మా. నువ్వు కాళ్ళ మీద పడ్డాక ఇంక కుర్చీ ఎందుకు?" అన్నాడు సీతాపతి. అతను చెడ్డవాడు కాదు. చిన్నప్పుడు ఏలూరులో ఆ నాటకం చూసి పొట్ట పట్టుకుని నవ్వినవాడే. "నీ బదులు వెయ్యడానికి వాళ్ళు ఇంకో అమ్మాయిని కూడా చూసి పెట్టుకున్నారు. నేను చెప్పలేదని అనుకోకు" అని కూడా అన్నాడు.

తిలకం అక్కడినుంచి తిన్నగా గురువుగారి దగ్గరికి వెళ్ళింది.

గురువుగారంటే జొన్నాడ పరంధామయ్య. ఆడవాళ్ళు స్టేజీ ఎక్కని రోజుల్లో గౌరి వేషం ఆయనే కట్టాడు. ఇరవై ఆరేళ్ళు కట్టాడు. ఆయన చీర కుచ్చిళ్ళు సర్దుకునే తీరు చూసి నేర్చుకోమని తల్లులు కూతుళ్ళకి చెప్పేవారట. తరవాత తనే తిలకాన్ని వెతికి పట్టుకుని, రెండేళ్ళు నేర్పి, తన వేషం ఆమెకి ఇచ్చేశాడు. ఇప్పుడు అరవై ఎనిమిదేళ్ళు. సినిమాలో గౌరి తండ్రి వేషం దొరికింది. రంగమంతా నుంచుని చేతులు నలుపుకోవడమే పని.

ఆమె వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. వడపళనిలో అద్దె గది ముందు అరుగు మీద కూర్చుని గడ్డం గోక్కుంటున్నాడు. ఆడవేషం కట్టినన్నాళ్ళూ రోజుకి రెండుసార్లు గీసుకున్న గడ్డం అది. తండ్రి వేషానికి గీసుకోవద్దని డైరెక్టరు చెప్పాడు. వారం రోజుల నెరిసిన గడ్డంతో ఆయనకి ఏమీ తోచడం లేదు.

తిలకం జరిగింది చెప్పింది. గురువారం ఏం చెయ్యాలో కూడా ఆమే నిర్ణయించుకుని వచ్చింది.

"తప్పు నాదే మాస్టారూ. నవ్వు లేని చోట నవ్వు కోసం ఆగాను. ఆ ఖాళీలో ఏదో ఒకటి పెట్టి నింపేస్తే వాళ్ళకంత కోపం రాదు. కాళ్ళ మీద పడటం కూడా మానిపించవచ్చేమో. మూడు రకాలు అనుకున్నాను. మీరు చూసి ఏది బాగుందో చెప్పండి."

అరుగు మీదే కూర్చుని చేసి చూపించింది. మొదటిసారి మాట అనేసి కొంటెగా నవ్వింది. రెండోసారి పమిట కొస వేలికి చుట్టుకుంది. మూడోసారి కళ్ళు దించుకుని గోరు చూసుకుంది. అసలే నేర్పున్న పిల్ల. మూడూ ముచ్చటగా వచ్చాయి.

పరంధామయ్య అన్నీ చూశాడు.

"బాగున్నాయి" అన్నాడు.

"ఏది?"

"మూడూ బాగున్నాయి. ఎవరు చేసినా బాగుంటాయి."

తిలకానికి చురుక్కుమంది. గురువుగారంటే ఎంత భయమున్నా ఆ పూట అది పనిచెయ్యలేదు.

"మీకేం మాస్టారూ, ఎన్నయినా అంటారు. మీరు ఇరవై ఆరేళ్ళు అట్లాగే చూశారు. ఎవరైనా పొగరన్నారా? రంగం అవగానే చీర విప్పేసి పంచె కట్టుకుని కాఫీ హోటలుకి వెళ్ళిపోయేవారు. మగాడు చీర కట్టుకుని చూస్తే నవ్వొచ్చింది. నేను చూస్తే కోపం వస్తోంది. నేనేం విప్పేసి వెళ్ళను?"

ఆయన గడ్డం గోక్కుని, "అన్నం తిన్నావా?" అని అడిగాడు.

"తినలేదు."

"తిని వెళ్ళు. గురువారం నేనూ వస్తున్నానుగా" అన్నాడు.

తినకుండానే వెళ్ళింది.

గురువారం పొద్దున్నే సెట్టు మీద పాన్పు వేశారు. మల్లెదండలు కట్టిన పందిరిమంచం. ఒక కొసన పెళ్ళికొడుకు ప్రభాకరం కూర్చున్నాడు. కొత్త హీరో, మంచివాడు, చెప్పింది చేస్తాడు. కాకపోతే ఒకసారి కంఠతా పట్టింది మళ్ళీ మార్చుకోవాలంటే తడబడతాడు. కాళ్ళ మీద పడే ముక్క రాసిన కాగితాలు అతనికి ఆ పొద్దున్నే అందాయి. వియ్యంకుడి వేషగాడు తన కుర్చీలో కూర్చున్నాడు. కెమెరా పక్కన, సరిగ్గా ఆ వియ్యంకుడి వెనక వరసలోనే, పేము కుర్చీలో పెంచలరెడ్డి కూర్చున్నాడు. తను దగ్గరుండి తీయించుకోవాలని నెల్లూరు నుంచి వచ్చాడు. గౌరి తండ్రికి వెయ్యాల్సిన కుర్చీ, ఇంక పనిలేదు కాబట్టి, సెట్టు మీదనుంచి తీసేశారు.

పరంధామయ్య నేల మీద సుద్దతో గీసిన తన గుర్తు మీద నుంచున్నాడు.

మొదటి టేకులో తిలకం చెప్పినట్టే చేసింది. పాన్పెక్కింది. "నేనూ అలిగాను. నా అలక ఎవరు తీరుస్తారు?" అంది. అనగానే కళ్ళు దించుకుని గోరు చూసుకుంది.

"అద్గదీ. అట్టా ఉండాల ఆడబిడ్డ" అన్నాడు పెంచలరెడ్డి. కెమెరా తిరుగుతోందని ఆయనకి పట్టలేదు. టేకు పాడైంది.

"పరవాలేదు, ఇంకొకటి తీసుకుందాం" అన్నాడు సీతాపతి. "తిలకం, ఈసారి ఆగకుండా కుర్చీ మాట కూడా అనేసి దిగిపోమ్మా. కాళ్ళ దాకా ఒక్కటే షాటు."

అప్పుడు పరంధామయ్య తన గుర్తు వదిలి ముందుకొచ్చాడు.

"డైరెక్టరుగారూ, ఒక్క నిమిషం" అని, తిలకం వైపు తిరిగి, "లే అమ్మా" అన్నాడు.

ఆమె లేచింది. ఆయన భుజం మీది కండువా తీసి పక్కన పెట్టాడు. పైన వేసుకోవడానికి అదొక్కటే ఉంది, అదీ తీసేశాడు. నెరిసిన గడ్డం, బోడి తల, మాసిన పంచె. పాన్పు రెండో కొసన ఎక్కి, కాలు మడుచుకుని కూర్చున్నాడు. పక్కనున్న ప్రభాకరం ఏం చెయ్యాలో తెలీక కొంచెం జరిగాడు.

"నేనూ అలిగాను" అన్నాడు పరంధామయ్య. ఆడగొంతు పెట్టలేదు. తన గొంతుతోనే అన్నాడు. "నా అలక ఎవరు తీరుస్తారు?"

సెట్టంతా ఘొల్లున నవ్వింది. పైన దీపాల దగ్గర కూర్చున్నవాళ్ళు నవ్వారు. మేకప్ అతను నవ్వాడు. పెంచలరెడ్డి అందరికంటే పెద్దగా నవ్వి, "ముసలాయన గట్టోడే" అన్నాడు.

ఆయన ఆగాడు. నవ్వు తగ్గింది. అయినా ఆగాడు. నవ్వు పూర్తిగా పోయింది. అయినా ఆగాడు.

వియ్యంకుడి మొహంలోకి చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు వియ్యంకుడి భుజం మీదుగా వెళ్ళి పేము కుర్చీ దగ్గర ఆగింది. కోపం లేదు అందులో. బతిమాలటమూ లేదు. చీర లేదు, సవరం లేదు, నవ్వుకోవడానికి ఆ ముసలాయనలో ఇప్పుడు ఏదీ లేదు. ఒక మనిషి ఒక మాట అడిగి, జవాబు కోసం చూస్తున్నాడు. అంతే.

వియ్యంకుడి వేషగాడు కాలు మీదనుంచి కాలు తీసేశాడు. అలా తియ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు. పెంచలరెడ్డి ఒకసారి సీతాపతి వైపు చూశాడు, ఒకసారి గోడ వైపు చూశాడు, మళ్ళీ పాన్పు వైపు చూడక తప్పలేదు.

"ఏందయ్యా ఈయన?" అన్నాడు చివరికి. గొంతు అంత పెద్దగా రాలేదు.

పరంధామయ్య తరవాతి మాట అనలేదు. పాన్పు దిగాడు. కండువా భుజాన వేసుకుని తన గుర్తు వైపు నడుస్తూ, తిలకం దగ్గర ఒక్క క్షణం ఆగాడు.

"నవ్వు దానంతట అది వచ్చేదమ్మా. నేనెప్పుడూ దాని కోసం ఆగలేదు" అన్నాడు.

మూడేళ్ళుగా తను ఎవరి కోసం ఆగిందో, ఎందుకు ఆగిందో ఇప్పుడు కొత్తగా తెలిసినట్టుంది తిలకం మొహం చూస్తే. సిగ్గు వేసింది. ఆ వెనకే కోపం వచ్చింది. ఆ కోపం గురువుగారి మీద మాత్రం కాదు.

"టైము పోతోంది. తీసుకుందామా?" అన్నాడు సీతాపతి.

తిలకం వెళ్ళి పాన్పెక్కింది.

కెమెరా తిరిగింది. తండ్రి చేతులు నలుపుకున్నాడు. అల్లుడు మొహం తిప్పుకున్నాడు.

"నేనూ అలిగాను. నా అలక ఎవరు తీరుస్తారు?"

ఆగింది. కళ్ళు దించలేదు. పమిట ముట్టుకోలేదు. నవ్వలేదు. ఎవరూ నవ్వలేదు కూడా. గుడివాడ పందిరి ఆమెకి గుర్తుకు రాలేదు. వియ్యంకుడి మొహంలోకి, అతని వెనకున్న మొహంలోకి, అక్కడ ఎంతమంది కూర్చుని ఉంటే అంతమంది మొహాల్లోకి చూసింది. సీతాపతి చెయ్యెత్తాడు, కట్ చెప్పడానికే ఎత్తాడు. చెప్పలేదు. చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నాకు గ్రామఫోను వద్దు" అంది తిలకం. "మా నాన్న మూడు రోజులుగా నుంచునే ఉన్నాడు. ఆయనకి కుర్చీ వెయ్యండి."

ఇప్పుడు దిగాలి. కెమెరా పక్కనుంచి అసిస్టెంటు దిగమని చేత్తో సైగ చేశాడు. ఆమె ఆ చెయ్యి చూసింది. చూసి, కిందికి వేలాడుతున్న కాలు కూడా పైకి తీసుకుని మఠం వేసుకుని కూర్చుంది.

కెమెరా తిరుగుతూనే ఉంది. ఆ గరగర తప్ప ఇంకో చప్పుడు లేదు.

పెంచలరెడ్డి కుర్చీలోంచి దిగ్గున లేచాడు. "దిగమ్మా" అనబోయాడో, సీతాపతిని తిట్టబోయాడో తెలీదు. అంతలో ఇంకొకటి జరిగింది.

ప్రభాకరం పొద్దున ఇచ్చిన కాగితాలు మర్చిపోయాడు. పాపం, ఆ అమ్మాయి కాళ్ళ మీద పడితే లేవదియ్యాలని నిమిషం కిందటి దాకా అనుకుంటూనే ఉన్నాడు. ఆమె పడలేదు. కుర్చీ మాట వినపడింది. ఆ మాట వినపడితే ఏం చెయ్యాలో అతనికి రెండు నెలలుగా కంఠతా వచ్చు. పాన్పు దిగాడు. సిగ్గుపడ్డాడు, ఆ సిగ్గు నిజంగానే పడ్డానని తరవాత అందరితో చెప్పుకున్నాడు. కుర్చీ కోసం చూశాడు. సెట్టు మీద కుర్చీ లేదు. రెండడుగులు వేసి, కెమెరా పక్కన అప్పుడే ఖాళీ అయిన పేము కుర్చీ ఎత్తుకొచ్చి, పరంధామయ్య వెనక వేశాడు.

"కూర్చోండి మామగారూ" అన్నాడు.

పరంధామయ్య కూర్చున్నాడు.

అప్పటికి సీతాపతి చెయ్యి దించి, "కట్" అన్నాడు.

పెంచలరెడ్డి, వెనక కుర్చీ ఉందనుకుని కూర్చోబోయి, చేత్తో తడుముకుని, ఆగిపోయాడు. పైన దీపాల దగ్గర ఎవడో కిసుక్కుమన్నాడు. ఆ కిసుక్కు కిందికి పాకింది. ఈసారి తిలకం దాని కోసం చూడలేదు.

అసిస్టెంటు కాగితాల అట్ట పట్టుకుని వచ్చి మెల్లిగా అడిగాడు. "సార్, కాళ్ళ మీద పడే ముక్క విడిగా తీసుకుందామా?"

సీతాపతి పాన్పు వైపు చూశాడు, పెంచలరెడ్డి వైపు చూశాడు. జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. అరవై ఊళ్ళలో ఆడాల్సిన సినిమా అతనిది. రేపటినుంచి ఎన్ని ఊళ్ళు మిగులుతాయో అతనికి తెలీదు.

"వద్దు. పాన్పు విప్పించెయ్" అన్నాడు.

"మా పక్క ఆడదయ్యా ఇది, రాసుకో" అన్నాడు పెంచలరెడ్డి. ఎవరూ రాసుకోలేదు. ఆయన వెళ్ళిపోనూ లేదు, నుంచునే ఉన్నాడు. తన కుర్చీ వైపు చూస్తున్నాడు. పెద్దమనిషి అలా నుంచుని ఉంటే అందరికీ ఇబ్బందిగానే ఉంది. మేకప్ అతను, లైటువాళ్ళు, వియ్యంకుడి వేషగాడు, అందరూ పరంధామయ్య వైపే చూశారు.

తిలకం పాన్పు దిగి గురువుగారి దగ్గరికి వచ్చింది. వంగి, ఆయనకి మాత్రమే వినపడేటట్టు చెప్పింది.

"కట్ చెప్పారు మాస్టారూ. ఆ కుర్చీ రెడ్డిగారిది."

"విన్నాను" అన్నాడు పరంధామయ్య.

లేవలేదు.